పెట్టెలేని కాపలా

నేను మొదటిసారి ఒక ఫైర్‌వాల్‌ని చేత్తో పట్టుకున్నది 2008లో. థర్మాకోల్ ముక్కల మధ్య, ప్లాస్టిక్ కవరులో వచ్చింది. ఇద్దరం చెరో పక్క పట్టుకుని సర్వర్ రూమ్‌లోకి తీసుకెళ్ళాం. రాక్‌లో పెట్టి నాలుగు స్క్రూలు బిగించేలోపు ఆ ఆఫీసు పెద్దాయన కొబ్బరికాయ తెప్పించారు. పెట్టెకి కుంకుమ బొట్టు పెట్టి, అప్పుడు కరెంటు ఇవ్వమన్నారు. ఫ్యాన్లు ఒక్కసారిగా రొద పెట్టాయి. ఆ రొద వింటూ ఆయన నిశ్చింతగా ఊపిరి పీల్చుకోవడం నాకింకా గుర్తుంది. గుమ్మంలోకి కాపలావాడు వచ్చేశాడని ఆయన నిశ్చింత.

ఇప్పుడు నేను చేసే పనిలో ఆ పెట్టె లేదు. స్క్రీన్ మీద ఒక పేజీ తెరుస్తాను. ఏ కంపెనీ ఫైర్‌వాల్ కావాలో, ఎంత పెద్ద మెషిన్ కావాలో ఎంచుకుంటాను. టీ తాగి వచ్చేలోపు అది లేచి కూర్చుంటుంది. ఇనుము లేదు, రొద లేదు, బొట్టు పెట్టడానికి నుదురు లేదు. ఎవరిదో ఒక పెద్ద కంప్యూటర్‌లో కొంత భాగాన్ని మనం అద్దెకి తీసుకుంటే, అందులో నడిచే సాఫ్ట్‌వేరే కాపలావాడు. దీన్నే వర్చువల్ ఫైర్‌వాల్ అంటాం.

దీన్ని పబ్లిక్ క్లౌడ్‌లో నిలబెట్టడం గురించీ, దానికి లైసెన్స్ తీసుకోవడం గురించీ ఈరోజు మాట్లాడతాను. మన ఆఫీసుల్లో ఈ రెండిటినీ రెండు వేరు వేరు బల్లల మీద పెడతారు. నిలబెట్టడం ఇంజినీర్ల పని, లైసెన్స్ అకౌంట్స్ వాళ్ళ పని అని. ఇన్నేళ్ళుగా ఇదే పనిలో ఉన్నవాడిగా నాకు తెలిసొచ్చింది ఒకటే. లైసెన్స్ కూడా కాపలాలో భాగమే. ఆ లెక్క తప్పిన రోజున, ఎంత తెలివైన ఇంజినీరు రాసిన రూల్స్ అయినా గాలిలో కలిసిపోతాయి.

ముందుగా ఆ పేరు సంగతి చెప్పాలి. ఎండాకాలంలో పూరిళ్ళ వరసకి నిప్పంటుకుంటే ఏమవుతుందో పల్లెల్లో పుట్టిన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒక కప్పు మీద లేచిన రవ్వ గాలికి పక్క కప్పు మీద పడుతుంది. చూస్తూండగానే వీధి వీధంతా బూడిద. రెండిళ్ళ మధ్య, కప్పు కంటే ఎత్తుగా ఒక ఇటుక గోడ ఉంటే నిప్పు అక్కడ ఆగుతుంది. ఆ గోడ పేరే ఫైర్‌వాల్. నెట్‌వర్కుల వాళ్ళు ఆ మాటని అక్కడి నుంచే తెచ్చుకున్నారు. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రాం అప్పటి చిన్న ఇంటర్నెట్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి అచ్చం అలాగే పాకింది, వేల మెషిన్లని పడుకోబెట్టింది. మధ్యలో గోడ కావాలన్న ఆలోచన ఆ తర్వాతే గట్టిపడింది. 1994లో ఇజ్రాయెల్‌కి చెందిన చెక్ పాయింట్ కంపెనీ ఫైర్‌వాల్-1 అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. దాని గొప్పతనం జ్ఞాపకశక్తి. లోపలి నుంచి ఎవరు ఎవరితో మాట మొదలుపెట్టారో అది గుర్తుపెట్టుకుంటుంది. ఆ మాటకి వచ్చిన జవాబును మాత్రమే లోపలికి రానిస్తుంది. ఈ జ్ఞాపకం సంగతిని కాస్త మనసులో ఉంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇక క్లౌడ్. అమెజాన్ వాళ్ళ క్లౌడ్‌కి మన దేశంలో మొదటి స్థావరం ముంబైలో 2016లో వచ్చింది. రెండోది హైదరాబాద్‌లో, 2022 నవంబరులో. మైక్రోసాఫ్ట్ అంతకుముందే, 2015లో, పుణె, చెన్నై, ముంబైలలో మొదలుపెట్టింది. హైదరాబాద్ రీజియన్ అంటే ఒక భవనం కాదు. అవైలబిలిటీ జోన్లని మూడు ఉంటాయి. ఒకచోట కరెంటు పోయినా, నీళ్ళు వచ్చినా మిగతా రెండూ నడవాలని దేనికదే విడిగా కట్టినవి. వీటిలో మనం ఒక ప్రైవేటు నెట్‌వర్క్ అద్దెకి తీసుకుంటాం. మనకంటూ ఒక పేట అనుకోండి. అందులో వీధులుంటాయి, ఇళ్ళుంటాయి, ఆ ఇళ్ళే మన సర్వర్లు. ప్రతి ఇంటి తలుపుకీ క్లౌడ్ వాళ్ళే ఒక గడియ ఉచితంగా ఇస్తారు. దాని పేరు సెక్యూరిటీ గ్రూప్.

ఉచితంగా గడియ ఇస్తున్నప్పుడు డబ్బు పెట్టి ఫైర్‌వాల్ ఎందుకు? ఈ ప్రశ్న నన్ను ప్రతి ఆఫీసులోనూ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ గడియ మంచిదే. దాన్ని సరిగ్గా వేసుకోని చోట ఎంత ఖరీదైన ఫైర్‌వాల్ పెట్టినా దండగ. అయితే అది చూసేది రెండే విషయాలు. ఏ అడ్రసు నుంచి వస్తున్నావు, ఏ పోర్టుకి పోతున్నావు. చేతిలో సంచీ ఉందా, సంచీలో ఏముంది అన్నది దానికి పట్టదు. ఇంకో సంగతి. కొత్తగా సెక్యూరిటీ గ్రూప్ పెడితే లోపలికి వచ్చే దారులు మూసి ఉంటాయి కానీ బయటికి పోయే దారి మొత్తం తెరిచే ఉంటుంది. మనం మూస్తేనే మూసుకుంటుంది. దొంగ ఏదో సందులోంచి లోపల పడ్డాడనుకోండి, వాడు చేసే మొదటి పని బయట ఉన్న తన మనిషికి ఫోను చేయడం. ఆ ఫోనును పట్టుకోవాలంటే పోర్టు నంబరు చాలదు. ఏ డొమైన్‌కి వెళ్తోంది, ఏ అప్లికేషన్ లాగా నటిస్తోంది, ఇదివరకు ఎక్కడైనా చూసిన దాడి గుర్తులు ఉన్నాయా అని చూడగల కన్ను కావాలి. వర్చువల్ ఫైర్‌వాల్‌కి మనం డబ్బు కట్టేది ఆ కన్నుకి.

అందులోనూ ఒక షరతు ఉంది, దాచకుండా చెప్పాలి. ఈరోజు నెట్‌లో నడిచే ట్రాఫిక్‌లో చాలా భాగం ఎన్‌క్రిప్ట్ అయి, అంటే సీలు వేసుకుని వెళ్తుంది. సీలు విప్పి చూసి మళ్ళీ సీలు వేసే ఏర్పాటు విడిగా చేసుకోవాలి. దానికి ఎక్కువ సీపీయూ కావాలి. ఎక్కువ సీపీయూ అంటే పెద్ద లైసెన్స్. కొనేటప్పుడు ఈ లెక్క వేసుకోని వాళ్ళు, ఆరు నెలలకి మెషిన్ ఆయాసపడుతోందని ఆ విప్పి చూసే పనిని ఆపేస్తారు. అప్పుడు ఖరీదైన కన్ను ఉండీ లేనట్టే.

ఇప్పుడు నిలబెట్టే పనికి వద్దాం. ఒక రాత్రి సంగతి చెబితే ఇది బాగా అర్థమవుతుంది.

ఆరేడేళ్ళ కిందట. శనివారం రాత్రి పదకొండుకి మొదలుపెట్టి, ఆదివారం తెల్లవారేలోపు ముగించాల్సిన పని. ఒక సంస్థ సర్వర్లన్నీ అప్పటికే క్లౌడ్‌లో ఉన్నాయి. వాటి ముందు కొత్తగా వర్చువల్ ఫైర్‌వాల్ పెడుతున్నాం. దానికి మూడు కాళ్ళు. ఒకటి మేం లాగిన్ అవడానికి, ఒకటి బయటి వైపు, ఒకటి లోపలి వైపు. మూడూ సరిగ్గా పెట్టాం. రూల్స్ ఒక్కొక్కటీ రెండుసార్లు చదువుకున్నాం. సర్వర్లున్న వీధి రూట్ టేబుల్‌లో, అంటే ఏది ఎటు పోవాలో రాసి ఉండే పట్టికలో, బయటికి పోయేదంతా ఇక ఫైర్‌వాల్ మీదుగా పోవాలని మార్చాం. మార్చగానే మొత్తం ఆగిపోయింది. సర్వర్ నుంచి ఒక్క ముక్క బయటికి పోవడం లేదు.

ఒంటిగంట దాకా రూల్స్ వెతికాం. ఒక రూల్ సడలించాం, ఇంకోటి పైకి జరిపాం. మాతో నల్గొండ అమ్మాయి ఒకతె ఉండేది, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఆమెకి ట్రాఫిక్ లాగ్ చూస్తూ ఉండమని చెప్పాం. రెండు కావస్తుండగా అంది, “అన్నా, లాగ్‌లో ఏం లేదన్నా.”

“అంటే? అన్నీ డినై అవుతున్నాయా?”

“డినై కూడా లేదన్నా. ఒక్క లైను లేదు. అసలు మన దాక వస్తలేదేమో.”

ఆ మాటతో మా చేతులు ఆగాయి. ఫైర్‌వాల్ అడ్డుకుని ఉంటే, అడ్డుకున్నానని రాసేది. ఏమీ రాయలేదంటే దాని ముందుకి ఎవరూ రాలేదన్నమాట. ఇంతసేపటి నుంచి మేం కాపలావాడిని నిలదీస్తున్నాం. ఇబ్బంది దారిలో ఉంది.

క్లౌడ్‌లో ఒక పద్ధతి ఉంది. ఏ మెషిన్ అయినా తన పేరున వచ్చినదాన్నే తీసుకోవాలి, తన పేరునే పంపాలి. వేరేవాళ్ళ పేరున ఉన్న ప్యాకెట్ దాని గుమ్మానికి వస్తే, లోపలికి చేరనివ్వకుండా క్లౌడ్ నెట్‌వర్కే పారేస్తుంది. మామూలు సర్వర్‌కి ఇది రక్షణ. ఫైర్‌వాల్ చేసే పనేమో అస్తమానం ఇతరుల ప్యాకెట్లని తీసుకుని ముందుకు పంపడమే. కాబట్టి దాని వరకు ఈ తనిఖీని మనమే తీసెయ్యాలి. అమెజాన్‌లో దీని పేరు సోర్స్ డెస్టినేషన్ చెక్, దాన్ని ఆపాలి. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో ఐపీ ఫార్వర్డింగ్ అంటారు, దాన్ని ఆన్ చెయ్యాలి. ఒకటే టిక్కు. ఆ రాత్రి మేం రెండు కాళ్ళకి ఆ టిక్కు మార్చగానే లాగ్‌లో లైన్లు వరదలా దిగాయి. ఆ అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. అప్పుడు రెండుం పావు.

గోదావరి కాలువల మీద లస్కర్లని చూసిన వాళ్ళుంటారు. పొలం ఎంత చదును చేసినా, గట్టు ఎంత బాగా వేసినా, లస్కరు తలుపెత్తి ఇటు వదిలితేనే నీరు వస్తుంది. క్లౌడ్‌లో లస్కరు రూట్ టేబుల్. ఫైర్‌వాల్‌ని నిలబెట్టినంత మాత్రాన ఒక్క ప్యాకెట్ కూడా దానంతట అది దాని ముందుకు రాదు. పాత రోజుల్లో కేబుల్ పెట్టెలోంచి వెళ్ళేది కాబట్టి వేరే దారి ఉండేది కాదు. ఇక్కడ దారి అంటే రాత. ఒక వీధి రూట్ టేబుల్‌లో ఆ వాక్యం రాయడం మర్చిపోతే, ఆ వీధి మొత్తం కాపలావాడి కంట పడకుండానే బయటికి పోతుంటుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. అన్నీ ఆగిపోయిన ఆ రాత్రి కంటే నేను భయపడేది ఇలా సాఫీగా నడిచిపోయే దానికే.

ఇప్పుడు జ్ఞాపకం సంగతి. ఒకే ఫైర్‌వాల్ పెడితే అది పడిపోయిన రోజు అన్నీ పడిపోతాయి కాబట్టి రెండు జోన్లలో రెండు పెడతాం. పాత పెట్టెల రోజుల్లో రెండిటి మధ్యా హార్ట్‌బీట్ కేబుల్ వేసేవాళ్ళం. ఒకటి పడిపోగానే రెండోది ఆ అడ్రసు ఇక నాదే అని నెట్‌వర్క్ అంతటా వినిపించేలా కేకేసేది. స్విచ్ ఆ కేక విని ట్రాఫిక్‌ని ఇటు మళ్ళించేది. క్లౌడ్‌లో అలా కేకలు వేయనివ్వరు, అంతమంది అద్దెకున్న చోట వేయనివ్వకపోవడమే న్యాయం. రెండో ఫైర్‌వాల్, రూట్ టేబుల్‌లో పాతదాని పేరు కొట్టేసి తన పేరు రాయమని క్లౌడ్‌కి అర్జీ పెట్టుకోవాలి. దానికి కొన్ని సెకన్లు పట్టొచ్చు, ఒక్కోసారి నిమిషం దాటొచ్చు.

ఈ బాధ తప్పించడానికి రెండిటినీ ఒకేసారి పనిలో పెట్టి ముందు రద్దీని పంచిపెట్టే లోడ్ బ్యాలెన్సర్ ఉంచుతారు. అమెజాన్ ఇందుకోసమే 2020 నవంబరులో గేట్‌వే లోడ్ బ్యాలెన్సర్ తెచ్చింది. వచ్చిన ప్యాకెట్‌ని విప్పకుండా, జెనీవ్ అనే పద్ధతిలో పైన ఇంకో కవరు తొడిగి ఫైర్‌వాల్‌కి ఇస్తుంది, చూసి ఇచ్చాక కవరు తీసి దాని దారిన దాన్ని పంపుతుంది. ఒక సంభాషణ మొదట ఏ ఫైర్‌వాల్ దగ్గరికి వెళ్ళిందో చివరిదాకా దాని దగ్గరికే పంపడం దీని బాధ్యత. ఆ ఒక్కటీ తప్పితే ఏమవుతుందో చూడండి. మాట ఒక ఫైర్‌వాల్ ముందు నుంచి వెళ్ళింది, జవాబు రెండోదాని ముందుకి వచ్చింది. రెండోదాని జ్ఞాపకంలో ఆ మాటే లేదు. ఎవరు నువ్వు అని తోసేస్తుంది. తప్పు దానిది కాదు. బయట వాడేవాళ్ళకి మాత్రం ఇది వింతగా కనిపిస్తుంది. రిఫ్రెష్ చేస్తే పేజీ వస్తుంది, మళ్ళీ చేస్తే పోతుంది. సగం మందికి పనిచేస్తుంది, సగం మందికి చేయదు. చాలా నెట్‌వర్కులని ట్రాన్సిట్ గేట్‌వే అనే కూడలితో కలిపిన చోట ఈ వింత ఎక్కువ. అప్లయన్స్ మోడ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే పోయిన జోన్‌లోంచే జవాబు తిరిగొస్తుంది. అది మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది.

ఇక లైసెన్స్. వర్చువల్ ఫైర్‌వాల్‌కి మనం రెండు రకాల డబ్బు కడతాం. మెషిన్‌కి అద్దె, అది క్లౌడ్ వాళ్ళకి. అందులో నడిచే సాఫ్ట్‌వేర్‌కి రుసుము, అది ఫైర్‌వాల్ తయారుచేసిన కంపెనీకి. ఈ రుసుము కట్టడానికి రెండు దారులు.

మన వ్యవసాయంలో పనికి మనుషుల్ని పెట్టుకోవడంలోనూ రెండు దారులే ఉండేవి. ఏడాది జీతానికి కుదుర్చుకుంటే పాలేరు. పని ఉన్న రోజున అడ్డా మీదికి పోయి పిలుచుకొస్తే కూలీ. పాలేరుకి పని ఉన్నా లేకున్నా జీతం ఇచ్చేదే. కూలీకి దినం లెక్క, దినానికి రేటు ఎక్కువ, పని లేని రోజున పైసా ఖర్చు లేదు. క్లౌడ్‌లో ఏడాదికో మూడేళ్ళకో లైసెన్స్ ముందే కొని తెచ్చుకుని మెషిన్‌కి ఎక్కించే పద్ధతిని బీవైఓఎల్ అంటారు. గంటకింత అని వాడిన మేరకు క్లౌడ్ బిల్లులోనే కలిపి కట్టే పద్ధతిని పేగో అంటారు. ఏడాదికి 8,760 గంటలు. అన్ని గంటలూ నిలబడాల్సిన ఫైర్‌వాల్‌కి గంట రేటు కడితే నష్టం. ఏడాదిలో ముప్పై నలభై గంటలు కావాల్సిన దానికి ఏడాది లైసెన్స్ కొంటే అదీ నష్టమే. ఇంకో చిక్కు కూడా ఉంది. గంట లెక్కన లేపిన మెషిన్‌ని మధ్యలో ఏడాది లైసెన్స్‌కి మార్చుకుందామంటే చాలా కంపెనీల దగ్గర కుదరదు. కొత్త మెషిన్ లేపి, కాన్ఫిగరేషన్ దానికి మోసుకెళ్ళాలి. కాబట్టి మొదటి రోజున తీసుకునే నిర్ణయం బరువైనది.

లైసెన్స్‌కి కొలత సాధారణంగా సీపీయూల సంఖ్య. ఫోర్టినెట్ వాళ్ళ లైసెన్స్ 4 సీపీయూలకి కొని 8 సీపీయూల మెషిన్ మీద పెడితే అది 4తోనే పనిచేస్తుంది. మిగతా 4కి క్లౌడ్ అద్దె మాత్రం నెలనెలా పోతూనే ఉంటుంది. ఇలాంటివి నేను చాలా చూశాను. ఇంజినీరు మెషిన్‌ని పెద్దది చేస్తాడు, లైసెన్స్ సంగతి అకౌంట్స్‌కి తెలియదు, వేగం పెరగలేదేమని అందరూ ఆశ్చర్యపోతారు. ఈమధ్య పాలో ఆల్టో వాళ్ళు క్రెడిట్లు, ఫోర్టినెట్ వాళ్ళు పాయింట్లు అని ముందే కొంత కొనిపెట్టుకుని అవసరం కొద్దీ ఖర్చుపెట్టుకునే పద్ధతి తెచ్చారు. పనికొచ్చే పద్ధతే, కానీ దానికీ లెక్క చూసే మనిషి కావాలి.

లెక్క చూసే మనిషి లేకపోతే ఏమవుతుందో ఒకసారి దగ్గరుండి చూశాను. పరీక్షా ఫలితాలు పెట్టే ఒక వెబ్‌సైట్. ఫలితాల రోజు తప్ప ఏడాదంతా అక్కడ ఈగలు తోలుకోవడమే. రెండు ఫైర్‌వాల్స్ ఎప్పుడూ ఉంటాయి, రద్దీ పెరిగితే ఇంకో నాలుగు వాటంతట అవే లేస్తాయి. అందుకని 6 లైసెన్సులు కొన్నారు. ఫలితాలకి వారం ముందు రిహార్సల్ చేశాం. రద్దీ సృష్టించాం, నాలుగూ లేచాయి, లైసెన్స్ తెచ్చుకున్నాయి, పనిచేశాయి. రద్దీ తగ్గించాం, నాలుగూ మాయమయ్యాయి. అందరం సంతోషపడ్డాం.

ఫలితాల రోజు ఉదయం పదకొండు. హాల్ టికెట్ నంబర్లు పట్టుకుని పిల్లలు, వాళ్ళ వెనక నిలబడి తల్లిదండ్రులు. నాలుగు కొత్త ఫైర్‌వాల్స్ లేచాయి. లైసెన్స్ అడిగాయి. లేవని జవాబు వచ్చింది. రిహార్సల్‌లో మాయమైన నాలుగు మెషిన్లూ పోతూ పోతూ లైసెన్సులు తిరిగి ఇచ్చి పోలేదు. మెషిన్‌ని తొలగించడం వేరు, దాని పేరున ఉన్న లైసెన్స్‌ని విడిపించడం వేరు. కంపెనీ పుస్తకంలో ఆ నాలుగూ ఇంకా బతికే ఉన్నాయి. చనిపోయిన వాళ్ళ పేరున రేషన్ కార్డులు నడుస్తున్నట్టు. ఇటు లోడ్ బ్యాలెన్సర్ చూసేది మెషిన్ పలుకుతోందా లేదా అన్నదే. పలుకుతున్నాయి కాబట్టి ఆ లైసెన్స్ లేని నాలుగింటికీ రద్దీని పంచిపెడుతోంది. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పేజీ రావడం లేదు.

ముందు ఆ నాలుగింటినీ వరసలోంచి తప్పించాం. ఉన్న రెండింటికీ ఊపిరాడటం లేదు. అప్పుడు గంట లెక్కన దొరికే అదే ఫైర్‌వాల్‌ని క్లౌడ్ వాళ్ళ మార్కెట్‌ప్లేస్ నుంచి లేపుదామనుకున్నాం. దానికి కంపెనీ నిబంధనలు ఒప్పుకుంటున్నామని ఒక బటన్ నొక్కాలి. ఆ బటన్ నొక్కే అధికారం మా ఎవరి అకౌంట్‌కీ లేదు. అకౌంట్స్ మేనేజర్ గారికే ఉంది. ఆయన ఆ సమయానికి బస్సులో ఉన్నారు. ఫోన్‌లో ఆయనకి ఓటీపీ వచ్చి, ఆయన మాకు చెప్పి, లాగిన్ అయి, బటన్ నొక్కి, నాలుగు మెషిన్లు లేచి నిలబడేసరికి నలభై నిమిషాలు గడిచాయి. ఆ నలభై నిమిషాలూ మా హెల్ప్‌లైన్ ఫోను మోగుతూనే ఉంది. ఒకావిడ, “అయ్యా, మా పిల్ల పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు, పాసో ఫెయిలో ఒక్క మాట చెప్పండి” అని అడిగింది. లైసెన్స్ లెక్క కూడా కాపలాలో భాగమే అని మొదట్లో అన్నాను కదా. నాకు అది తెలిసింది ఆ ఫోను దగ్గర.

లైసెన్స్ విషయంలో దీనికంటే నెమ్మదైన ప్రమాదం ఇంకోటి. ఫైర్‌వాల్‌ని నడిపే లైసెన్స్ ఒకటి, కొత్త దాడుల గుర్తులు రోజూ తెచ్చి ఇచ్చే చందా ఇంకొకటి. చాలా ఉత్పత్తుల్లో చందా గడువు తీరినా ఫైర్‌వాల్ ఆగిపోదు. రూల్స్ నడుస్తాయి, పచ్చ లైటు వెలుగుతుంది. కొత్త గుర్తులు రావడం మాత్రం ఆగిపోతుంది. నిరుటి దొంగల ఫోటోలు పట్టుకుని ఈ ఏటి దొంగల కోసం వెతుకుతున్నట్టు. ఆగిపోతే ఎవరైనా పట్టించుకునే వాళ్ళు. ఆగదు కాబట్టి నెలల తరబడి అలాగే ఉంటుంది. మా దగ్గర గడువుకి 60 రోజుల ముందే అకౌంట్స్‌కీ, ఇంజినీర్లకీ ఇద్దరికీ గుర్తుచేసే ఏర్పాటు ఉంది. ఒక్కరికే పంపితే చాలదు.

కాపలావాడికి మనం ఇచ్చే తాళాల గురించి కూడా చెప్పాలి. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ అనే బ్యాంకు నుంచి సుమారు 10 కోట్ల మంది అమెరికన్ల, 60 లక్షల మంది కెనడియన్ల వివరాలు బయటికి పోయాయి. దొంగ దూరిన దారి ఏమిటో తెలుసా? క్లౌడ్‌లో పెట్టిన ఒక వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాలే. దాని అమరిక సరిగ్గా లేదు. ప్రతి క్లౌడ్ మెషిన్‌కీ తన గుర్తింపు కార్డు, తాత్కాలిక తాళాలు ఇచ్చే ఒక లోపలి అడ్రసు ఉంటుంది. బయటి నుంచి వచ్చిన మనిషి ఆ ఫైర్‌వాల్ చేతే ఆ అడ్రసుని అడిగించి, తాళాలు తెప్పించుకున్నారు. ఆ తాళాలతో బ్యాంకు దాచిపెట్టిన ఫైళ్ళ గదులు తెరుచుకున్నాయి. ఫైర్‌వాల్‌కి ఆ గదులతో ఏం పని? ఏ పనీ లేదు. అయినా ఎవరో ఇచ్చారు. 2020లో ఆ బ్యాంకుకి అక్కడి నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అమెజాన్ 2019 నవంబరులోనే ఆ లోపలి అడ్రసుని అడిగే పద్ధతిని ఇంకా కట్టుదిట్టం చేసింది. మన ఫైర్‌వాల్‌కి రూట్ టేబుల్‌లో తన పేరు రాసుకునే అధికారం కావాలి, మొదలయ్యేటప్పుడు తన కాన్ఫిగరేషన్ ఉన్న ఒక్క ఫోల్డర్ చదివే అధికారం కావాలి. అంతకుమించి ఒక్క తాళం కూడా ఇవ్వకూడదు. ఏ ఆఫీసుకి వెళ్ళినా నేను మొదట అడిగేది రూల్స్ కాదు. మీ ఫైర్‌వాల్‌కి ఏయే అధికారాలున్నాయో చూపించండి అంటాను.

ఇంకొక్క మాట. మన దేశంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్స్‌ని 180 రోజులు భద్రంగా ఉంచాలి, ఏదైనా దాడి బయటపడితే 6 గంటల్లో తెలియజేయాలి. రద్దీకి లేచి, రద్దీ తగ్గాక మాయమైపోయే ఫైర్‌వాల్ తన నోటు పుస్తకాన్ని కూడా తనతో తీసుకుపోతుంది. లాగ్స్ ఎప్పటికప్పుడు వేరే చోటికి పంపే ఏర్పాటు మొదటి గంటలోనే ఉండాలి.

ఇదంతా విని, మాది చిన్న సంస్థ, మా దగ్గర ఉన్నది ఒక్క ఇంజినీరు, ఈ లెక్కలు మావల్ల అవుతాయా అని మీకు అనిపిస్తే, ఆ అనుమానం సరైనదే. మీలాంటి వాళ్ళకి క్లౌడ్ వాళ్ళే నడిపే ఫైర్‌వాల్ సేవలున్నాయి. అజూర్ ఫైర్‌వాల్ 2018లో వచ్చింది, అమెజాన్ నెట్‌వర్క్ ఫైర్‌వాల్ 2020లో. మెషిన్ పరిమాణం, లైసెన్స్ విడిపించడం వాళ్ళు చూసుకుంటారు. మీరు గంటకింత, జీబీకింత కడతారు. రూట్ టేబుల్‌లో దారి మళ్ళించడం మాత్రం అక్కడ కూడా మీ పనే. ఒక చిన్న సహకార సంఘమో, ఒక ఊరి కాలేజీయో వచ్చి అడిగితే నేను అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. ఆఫీసులో ఇప్పటికే ఒక కంపెనీ ఫైర్‌వాల్ ఉండి, అక్కడా ఇక్కడా ఒకే రూల్స్ నడవాలనుకునే వాళ్ళు వర్చువల్ ఫైర్‌వాల్ వైపు వెళ్ళాలి. అప్పుడు లెక్క చూసే మనిషిని కూడా దాంతోపాటే కుదుర్చుకోవాలి.

ఆ ఫలితాల వెబ్‌సైట్ సంగతి పూర్తిచేస్తాను. మర్నాడే ఫైర్‌వాల్ కంపెనీకి రాసి, చనిపోయిన నాలుగు లైసెన్సులూ విడిపించుకున్నాం. మెషిన్ మాయమయ్యే ముందు ఒక క్షణం ఆగి, లైసెన్స్ ఉంటే అప్పగించి, అప్పుడు పోయేలా చిన్న ప్రోగ్రాం రాశాం. రెన్యూవల్ వచ్చినప్పుడు 6 లైసెన్సులకి బదులు 2 మాత్రమే తీసుకున్నాం. ఎప్పుడూ ఉండే రెండింటికి ఏడాది జీతం, రద్దీకి వచ్చే నాలుగింటికి గంట లెక్క. మార్కెట్‌ప్లేస్ నిబంధనల బటన్ నెల ముందే నొక్కించాం.

మరుసటి ఏడు ఫలితాలు ఉదయం పదకొండుకి వచ్చాయి. నాలుగు ఫైర్‌వాల్స్ లేచాయి, రాత్రి ఎనిమిదికి పోయాయి. హెల్ప్‌లైన్ ఫోను మోగలేదు. నెలాఖరున అకౌంట్స్ మేనేజర్ గారు బిల్లు కాగితం పట్టుకుని మా గదికి వచ్చారు. ఒక లైను కింద పెన్సిలుతో గీత గీసుకొచ్చారు. నాలుగు మెషిన్లు, ఒక్కొక్కటీ 9 గంటలు, మొత్తం 36 గంటలు.

“ఇదేంటండీ, ఈ ముప్పై ఆరు గంటలు?” అన్నారు.

“ఆ రోజు కూలి సార్” అన్నాను. ఆయన ఆ లైను పక్కన టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయారు.